ఒప్పందంలో మా కోరాపుట్ పేరు ఎక్కడుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో వాణిజ్య ఒప్పందాల వార్తలు వరసగా వస్తున్నాయి. ఒకరోజు బ్రిటన్, ఒకరోజు యూరప్, ఇంకోరోజు గల్ఫ్. ఎవరు సంతకం పెట్టారు, ఎన్ని లక్షల కోట్ల పెట్టుబడి వస్తుంది, ఏ ముఖ్యమంత్రి ఏ దేశం వెళ్లొచ్చారు, అన్నీ వివరంగా రాస్తున్నారు. సరుకు బయల్దేరే ఊళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క కనపడటం లేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైనా వేస్తారని ఆశ.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, జయపురం. వలిసెలు, చింతపండు, పసుపు, అల్లం సంతల్లో కొని విశాఖపట్నం కొనుగోలుదార్లకు పంపే వ్యాపారం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, సంతలో దేశియా మాట్లాడతాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీత మారింది కానీ మా సరుకు అప్పుడూ విశాఖకే దిగింది, ఇప్పుడూ విశాఖకే దిగుతోంది.

దూరదేశాల వాళ్లతో భాగస్వామ్యం అంటే ఢిల్లీలో, భువనేశ్వర్‌లో పెద్ద హోటళ్లలో జరిగే సంగతి అనుకుంటారు చాలామంది. మా ఒక్క జిల్లాలోనే అలాంటివి మూడు నడిచాయి. ఒకటి జపాన్‌తో, ఒకటి సోవియట్ యూనియన్‌తో, ఒకటి ఫ్రాన్స్‌తో. మూడూ చూసిన జిల్లా వాడిగా రాస్తున్నాను.

ముందు రైలు సంగతి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్లే కేకే లైను మీ పాఠకులందరికీ తెలిసిందే, అరకు వెళ్లేవాళ్లు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ ఫొటోలు తీసుకునే లైను. దాన్ని వేసింది టూరిస్టుల కోసం కాదు, మా కోసం అంతకన్నా కాదు, బస్తర్ ప్రాంతంలోని బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకు చేరడం కోసం. యుద్ధం అయ్యాక జపాన్ దగ్గర కొలుములున్నాయి, ఖనిజం లేదు. మన దగ్గర ఖనిజం ఉంది, కొండల మీంచి దించే దారి లేదు, ఆ దారి వేసుకునే డబ్బూ లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేసింది ఆ జపాన్ విమానాలే. అలాంటిది 1952లో ఆ దేశంతో శాంతి ఒప్పందం చేసుకుంటూ మనవాళ్లు యుద్ధ పరిహారం అక్కర్లేదన్నారు. 1957లో జపాన్ ప్రధాని కిషి మన దేశానికి వచ్చారు, అదే ఏడాది నెహ్రూ అక్కడికి వెళ్లారు. ఆ మరుసటి ఏడాది జపాన్ తన చరిత్రలో మొట్టమొదటి యెన్ రుణం ఇచ్చింది మన దేశానికే. 1960లో ఖనిజం ఒప్పందం కుదిరింది, 1960ల చివరికల్లా ఆ కొండలు తొలిచి బండ్లు నడిపేశారు. బాంబులు పడిన రేవు నుంచే పాతికేళ్లు గడిచేసరికి జపాన్‌కు ఖనిజం ఓడలు కదిలాయి. విశాఖలో పెద్ద ఓడలు ఆగే ఔటర్ హార్బర్ 1976లో వచ్చిందంటే అది కూడా ఈ ఖనిజం వల్లే.

ఇందులో ఉన్న నాయకత్వాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. శత్రువుల పక్షాన ఉన్న దేశంతో యుద్ధం ముగిసి పదిహేనేళ్లు తిరక్కుండా కూర్చుని, నీకేం కావాలి, నాకేం కావాలి అని తేల్చుకుని, కాగితం మీద రాసింది కొండల్లో కట్టి చూపించారు. ఇవాళ సదస్సులో ఎంఓయూ మీద సంతకం పెట్టి ఫొటో దిగి మరిచిపోయే పద్ధతికీ దానికీ పోలికే లేదు.

మరి ఆ ఒప్పందంలో కోరాపుట్ ఎక్కడుంది? దారిలో ఉంది, అంతే. ఖనిజం పుట్టింది బస్తర్లో, ఓడెక్కింది విశాఖలో, మధ్యలో మేం. లైను మిగిలింది, అది చిన్న విషయం అనను, ఆ లైను లేకపోతే మా ఊళ్లకు రైలు ఎప్పటికి వచ్చేదో. కానీ గూడ్సు బండికి దారిచ్చి ప్యాసింజరు పక్క లైన్లో నిలబడి ఉండటం మా చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. జపాన్, కొరియా ఉక్కు కంపెనీలకు ఖనిజం సరఫరా చేసే దీర్ఘకాలిక ఒప్పందాన్ని ఈ మధ్య కాలంలో కూడా కేంద్ర కేబినెట్ ఇంకో ఐదేళ్లు పొడిగించింది. అరవై ఏళ్ల వ్యాపారం అన్నమాట. ఇన్నేళ్లలో ఆ లైను పొడుగునా ఉన్న స్టేషన్లలో రైతు సరుకు లోడు చేసుకునే గోదాములు పెట్టాలనో, దారి ఇచ్చిన జిల్లాలో ఒక మంచి ట్రైనింగ్ కాలేజీ పెట్టాలనో ఎవరైనా షరతు రాసి ఉంటే దాని ఫలితం ఈపాటికి మా కళ్లకు కనపడాలి. నాకైతే కనపడలేదు.

ఇక సునాబెడ. జయపురం నుంచి ఘాటీ ఎక్కి కోరాపుట్ దాటితే వస్తుంది. 1964లో అక్కడ మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు తయారుచేసే ఫ్యాక్టరీని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ కింద పెట్టారు, సోవియట్ సహకారంతో. ఆ ఒప్పందం తీరే వేరు. ఇంజిన్ అమ్మి డబ్బు తీసుకుని పోవడంతో సరిపెట్టలేదు, ఇంజిన్ ఎలా చేయాలో ఇక్కడివాళ్లకు నేర్పేలా రాసుకున్నారు. సోవియట్ యూనియన్ 1991లో లేకుండా పోయింది, నేర్చుకున్న పని మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. 2024 సెప్టెంబరులో సుఖోయ్-30 విమానాల కోసం 240 ఏఎల్-31ఎఫ్‌పి ఇంజిన్ల కాంట్రాక్టు, 26 వేల కోట్ల రూపాయలకు పైగా, వచ్చింది ఈ ఫ్యాక్టరీకే. అందులో సగానికి పైగా స్వదేశీ భాగాలే ఉండాలని లెక్క. అరవై ఏళ్ల కిందట ఒకరు టేబుల్ దగ్గర పట్టుబట్టి రాయించుకున్న మాట ఇవాళ్టికీ ఒక ఊరికి అన్నం పెడుతోంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. అయితే చుట్టుపక్కల పరజా, గదబ ఆదివాసీ ఊళ్ల పిల్లలు ఆ షాపు ఫ్లోర్ దాకా ఎంతమంది వెళ్లగలిగారు అనేది వేరే ప్రశ్న, దాన్ని అడగకుండా వదిలేయకూడదు.

మూడోది దమన్‌జోడి. 1981లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కో పుట్టింది, టెక్నాలజీ ఫ్రాన్స్ కంపెనీ పెషినేది. పంచపట్‌మలి కొండ మీద బాక్సైట్ తవ్వి, కింద రిఫైనరీలో అల్యూమినా చేస్తారు. కొంత అంగుల్‌లో లోహం తీసే స్మెల్టర్‌కు పోతుంది, మిగతాది విశాఖ రేవు నుంచి ఓడెక్కుతుంది. రాయి రాయిగా పోలేదు, ఒక మెట్టు పని ఇక్కడే జరిగింది. జపాన్ ఒప్పందం కన్నా ఇది మెరుగు. ఇంకో మెట్టు కూడా ఇక్కడే ఎందుకు ఉండకూడదు అని మాత్రం అడుగుతాను. అల్యూమినియం పాత్ర, కిటికీ ఫ్రేము, కరెంటు తీగ, ఇవన్నీ వేరే రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చి మా జయపురం మార్కెట్లో అమ్ముడుపోతాయి.

మూడు ఒప్పందాలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. ఏ దేశంతో చేసుకున్నాం, ఎన్ని కోట్లు అన్నదాని కన్నా, సరుకు బయల్దేరే చోట ఏం మిగలాలి అనేది సంతకం పెట్టేటప్పుడే ఎవరైనా రాయించారా లేదా అన్నదే తేడా తెచ్చింది. రాయించిన చోట మిగిలింది. తర్వాత చూద్దాంలే అన్న చోట బండి వెళ్లిపోయింది. నాయకత్వం అనే మాటకు నా లెక్కలో అర్థం ఆ వాక్యం రాయించడం, పదేళ్ల తర్వాత వచ్చి అది జరిగిందో లేదో చూడటం.

ఇది ప్రపంచంలో ఎక్కడా జరగని పని కాదు. ఇవాళ యూరోపియన్ యూనియన్ అంటున్నామే, దాని మొదలు కూడా ఖనిజం ఒప్పందమే. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఆ ప్రతిపాదన చేశారు, వెనక ఆలోచన జీన్ మొనేది. 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో 6 దేశాలు బొగ్గు, ఉక్కు మీద సంతకాలు పెట్టాయి. ఫ్రాన్స్, జర్మనీ అంతకు ఆరేళ్ల ముందు దాకా ఒకరి పిల్లల్ని ఒకరు చంపుకున్న దేశాలు. నాకు నచ్చిన సంగతి ఏంటంటే, సుంకాలు ఎత్తేస్తే మూతపడే గనుల్లో పనిచేసేవాళ్ల గతి ఏంటి అని ఆ రోజే ఆలోచించారు. పని పోయినవాళ్లకు కొన్నాళ్లు భత్యం ఇవ్వడం, కొత్త పని నేర్పించడం ఒప్పందంలోనే రాశారు, కార్మికుల ఇళ్లకూ సాయం అందింది. దానికి డబ్బు బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మీద వేసిన లెవీ నుంచే వచ్చింది. గనివాడి పేరు ఒప్పందంలో ఉంది. మా రైతు పేరు ఎందుకు ఉండకూడదు?

మనవాళ్లలోనూ ముందుచూపు ఉన్నవాళ్లు లేకపోలేదు. పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు తూర్పు దేశాల వైపు చూడాలని 'లుక్ ఈస్ట్' మొదలుపెట్టారు. అందరూ అమెరికా, యూరప్ అంటున్న రోజుల్లో. 1992లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మొదటి మెట్టు ఎక్కింది ఆయన హయాంలోనే. 1996లో ఆయన నంద్యాలతో పాటు మా ఒడిశా బరంపురం నుంచి కూడా గెలిచి బరంపురం సీటే ఉంచుకున్నారు, ఈ సంగతి ఇప్పటి కుర్రాళ్లకు చాలామందికి తెలియదు. ఆ దారిలోనే 2009 ఆగస్టులో ఆసియాన్‌తో సరుకుల ఒప్పందం కుదిరి 2010 జనవరి 1 నుంచి అమలైంది. అప్పుడు దేశంలో అందరికన్నా గట్టిగా మాట్లాడింది కేరళ. కాఫీ, టీ, మిరియాలు పండించేవాళ్లు ఏమైపోతారని రోడ్డెక్కారు, ముఖ్యమంత్రి దగ్గర్నుంచి మామూలు రైతు దాకా. ఆ పంటలు ప్రత్యేక ఉత్పత్తుల జాబితాలో చేరాయి, వాటి మీద సుంకం ఒకేసారి కాకుండా మెల్లగా తగ్గుతూ వచ్చింది. కాఫీ మా కొండల్లోనూ పండుతుంది, అరకులోనూ పండుతుంది. ఆ రోజు ఒడిశా నుంచి గానీ ఆంధ్ర నుంచి గానీ కాఫీ గురించి ఒక్క గొంతు లేచినట్టు నాకు గుర్తులేదు.

కాఫీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా జిల్లాలో కాఫీ జయపురం రాజుల కాలం నుంచే ఉంది, తర్వాత మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకురాకుండా ప్రభుత్వమే కొండవాలుల్లో వేయించింది. గీతకు అవతల అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు, 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అదే 2019లో ఒడిశా గిరిజన సహకార సంస్థ మా కాఫీని కోరాపుట్ కాఫీ పేరుతో ప్యాకెట్లలో పెట్టింది. అంతకుముందు మా గింజ ఏ పేరుతో ఎక్కడ అమ్ముడుపోయిందో వ్యాపారులందరికీ తెలుసు. అరకు వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు కష్టపడి పేరు తెచ్చుకున్నారు, ఎవరో ఒకరు పట్టుబట్టి రైతు నుంచి పారిస్ దాకా గొలుసు కట్టారు. అదే కొండ, అదే వాన, అదే మనుషులు, గీతకు ఇవతల ఆ పట్టుబట్టే మనిషి ఆలస్యంగా దొరికాడు.

ఇప్పుడు కొత్త టెన్షన్ ఒకటి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2023లో అడవుల నరికివేతకు వ్యతిరేకంగా చట్టం చేసింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండిన కాఫీ, కోకో, రబ్బరు లాంటివి అక్కడ అమ్మకూడదు. ఏ పొలం చెక్కలో పండిందో అక్షాంశం, రేఖాంశంతో సహా చూపించాలి. అమలు రెండుసార్లు వాయిదా వేశారు, కానీ చట్టం చట్టమే, ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. నాలుగు హెక్టార్ల లోపు చెక్కకు మ్యాప్ మీద ఒక్క బిందువు చాలు, మామూలు ఫోన్‌తో అయిపోయే పని. మా దగ్గర కాఫీ ఉన్న ఆదివాసీ రైతుల్లో నాలుగు హెక్టార్లు దాటినవాళ్లు అరుదు. మరి ఆ బిందువు ఎవరు పెడతారు? అటవీ హక్కుల పట్టా చేతిలో ఉన్నవాడు, లేనివాడు, దరఖాస్తు పెట్టుకుని ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాడు, ఒకే వాలు మీద ముగ్గురూ ఉంటారు. నీడ చెట్ల కింద కాఫీ వేసి అడవిని కాపాడుతున్నవాడే కాగితం లేక మార్కెట్ పోగొట్టుకుంటే అంతకన్నా అన్యాయం ఉంటుందా? కర్ణాటక పెద్ద ఎస్టేట్లకు మేనేజర్లున్నారు, కంప్యూటర్లున్నాయి. మా కొండమీది మనిషికి ఎవరున్నారు?

వలిసెల సంగతి ఇంకా విచిత్రం. డిసెంబరు, జనవరిలో కుందులి సంతకు వస్తే చూడొచ్చు, బుట్టల్లో తెచ్చి మాణాలతో కొలిచి అమ్ముతారు. మేం కొని మూటలు కట్టి విశాఖ పంపుతాం. వలిసెలు నూనెకు పోతాయనే ఎక్కువమంది రైతులకు తెలుసు. అమెరికాలో పెరట్లో పిట్టలకు మేతగా వేసేది ఈ గింజే, మన దేశం, ఇథియోపియా, మయన్మార్ నుంచి వెళ్తుంది. కలుపు విత్తనాలు మొలకెత్తకుండా 120 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు ఉంచితే గానీ అమెరికా లోపలికి రానివ్వదు. నేను కొనే రైతుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పటిదాకా తగల్లేదు. ఆ వేడిచేసే యూనిట్, శుభ్రంచేసి గ్రేడు చేసే మిషను మా జిల్లాలోనే ఉంటే కిలోకు నాలుగు డబ్బులు ఇక్కడే మిగులుతాయి. ఇది పెద్ద ఫ్యాక్టరీ అడగటం కూడా కాదు.

ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా ఈ మధ్యే చూశాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసేసరికి భీమవరం, కాకినాడ వైపు రొయ్య రైతులు గిలగిలా కొట్టుకున్నారు. నాలుగు దిక్కులా కొనేవాళ్లుండాలి. అందుకే యూరప్, గల్ఫ్, ఆఫ్రికా, తూర్పు దేశాలతో ఒప్పందాలు కావాలనే అంటాను. ఒప్పందాలు వద్దని ఈ ఉత్తరం రాయడం లేదు.

ఇక పెట్టుబడుల మాట. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్, ఈ నాలుగు దేశాల ఎఫ్టా కూటమితో 2024 మార్చి 10న ఒప్పందం కుదిరింది, 2025 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. 15 ఏళ్లలో 100 బిలియన్ డాలర్ల పెట్టుబడి, 10 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు అని అందులో రాశారు. పెట్టుబడి లక్ష్యాన్ని ఒప్పందంలోనే రాయించడం మంచి పని, ఎవరు చర్చించారో వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఆ 100 బిలియన్లలో ఏ జిల్లాకు ఏం వస్తుందో రాసినవాళ్లు లేరు. అలా వదిలేస్తే ముంబై, బెంగళూరు, హైదరాబాదు పంచుకుంటాయి, మనకు మళ్లీ దారి ఖర్చే.

నార్వే పేరు మా వైపు మరోలా కూడా గుర్తుండాలి. నియమగిరి కొండ బాక్సైట్ గొడవ నడుస్తున్న రోజుల్లో, 2007లో, నార్వే ప్రభుత్వ పింఛను నిధి ఆ కొండ తవ్వాలనుకున్న కంపెనీ వేదాంతలో ఉన్న తన షేర్లు అమ్మేసింది. వాళ్ల నైతిక మండలి పర్యావరణం, మనుషుల హక్కులు చూసి ఇచ్చిన సలహా అది. తర్వాత 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి, 12కి 12 వద్దన్నాయి. అంటే ఎక్కడో చలిదేశంలో పింఛను డబ్బు చూసుకునేవాళ్లు మా కొండమీది డోంగ్రియా కోంధుల మాట మనకన్నా ముందే విన్నారు. కొరియా ఉక్కు కంపెనీ పోస్కో కథ కూడా తెలిసిందే. 2005లో భువనేశ్వర్‌లో సంతకం, దేశంలోనే అతి పెద్ద విదేశీ పెట్టుబడి అని సంబరం, జగత్‌సింగ్‌పూర్ తమలపాకు తోటల రైతులు ఒప్పుకోలేదు, 2017కల్లా కంపెనీ వెళ్లిపోయింది. పన్నెండేళ్లు ఇటు ఊరికీ నెమ్మది లేదు, అటు కంపెనీకీ పని కాలేదు. ఊరిని ముందు అడిగి ఉంటే ఏదో ఒకటి మొదటి ఏడాదే తేలిపోయేది. ఊరిని అడగడం పెట్టుబడికి అడ్డం అనే నాయకులకు ఈ రెండు కథలూ ఎవరైనా చెప్పాలి.

2025 జనవరిలో భువనేశ్వర్‌లో ఉత్కర్ష్ ఒడిశా పెట్టుబడుల సదస్సు జరిగింది, నవంబరులో విశాఖలో భాగస్వామ్య సదస్సు జరిగింది. రెండూ మాకు దగ్గరే, ఒకటి మా రాజధాని, ఒకటి మా రేవు. రాయ్‌పూర్ నుంచి విశాఖకు ఆరు వరసల రోడ్డు మా జిల్లా మీదుగానే వేస్తున్నారు. రాయగడలో కొత్త రైల్వే డివిజన్‌కు 2025 జనవరి 6న శంకుస్థాపన అయింది. దారులన్నీ మళ్లీ మా మీదుగానే పోతున్నాయి. అందుకే భయం. 1960లో లాగా ఈసారి కూడా దారిగానే మిగిలిపోతామా?

రెండు రాష్ట్రాలు కలిసి పనిచేయడం కుదరదనేవాళ్లకు ఒక మాట. మాచ్‌ఖండ్ కరెంటు 1955 నుంచి ఉంది, ఆంధ్ర, ఒడిశా కలిసే నడుపుకుంటున్నాయి. ఎన్ని తగాదాలున్నా, ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ ఉమ్మడి ఏర్పాటు ఆగలేదు. కరెంటు పంచుకున్నవాళ్లు కాఫీకి, వలిసెలకు, పసుపుకు ఒక ఉమ్మడి ఏర్పాటు చేసుకోలేరా? కోరాపుట్ ఎంపీ, అరకు ఎంపీ ఒకే కొండకు రెండు వైపులా ఉన్న మనుషులు. ఇద్దరూ కలిసి వాణిజ్య మంత్రి దగ్గరకు వెళ్లి యూరప్ చట్టం కోసం రైతుల చెక్కలకు బిందువులు పెట్టే పని రెండు రాష్ట్రాల్లో ఒకే పద్ధతిలో, ప్రభుత్వ ఖర్చుతో, గ్రామసభల ద్వారా చేయించమని అడగాలి. ఎఫ్టా పెట్టుబడుల కోసం ఢిల్లీలో పెట్టిన డెస్కు దగ్గర ఈ సరిహద్దు జిల్లాల పంటల జాబితా, భూముల వివరం, ఊళ్లు ఒప్పుకున్నవి ఏవి, ఒప్పుకోనివి ఏవి, అన్నీ రాసి ఇవ్వాలి. మా సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లోనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది, కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ వచ్చింది. స్విట్జర్లాండ్ కొనుగోలుదారుకు చెప్పుకోవడానికి మా దగ్గర కావలసినంత ఉంది. చెప్పే మనిషి కావాలి.

ఇంకొక కోరిక ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లకు. మా జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు తెలుగు పండితుడు, ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఆ డబ్బు ఈ కొండల మీది ఆదాయమే. యూరప్‌కు పసుపు, అల్లం, కాఫీ వెళ్లాలంటే పురుగుమందుల అవశేషాల పరీక్ష రిపోర్టు కావాలి, దానికి మేం శాంపిళ్లు దూర నగరాలకు పంపి రోజుల తరబడి కాచుకుంటున్నాం, ఈలోపు రేటు పడిపోతుంది. ఆయన పేరు పెట్టుకున్న కాలేజీ జయపురంలో ఒక చిన్న పరీక్షల ల్యాబ్ పెట్టడానికి ముందుకొస్తే, స్థలం చూపించడానికి మా వ్యాపారుల సంఘంతో మాట్లాడే బాధ్యత నేను తీసుకుంటాను.

ఈ ఏడాది వలిసెలు డిసెంబరులో సంతకొస్తాయి. అంతకన్నా ముందే సరిహద్దుకు రెండు వైపులా ఉన్న జిల్లాల కలెక్టర్లు రైతుల్ని, మాలాంటి వ్యాపారుల్ని, విశాఖ ఎక్స్‌పోర్టర్లను ఒక్క గదిలో కూర్చోబెట్టాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఎంపీలిద్దరి నుంచి ఏదైనా జవాబు వస్తే దాన్ని ఆంధ్ర ఎడిషన్‌లోనూ ఒడిశాకు వచ్చే ఎడిషన్‌లోనూ వేయండి, ఇక్కడ చదివేవాళ్లం చాలామంది ఉన్నాం.

ఇట్లు,
ఒక వలిసెల వ్యాపారి,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా